ఎనిమిదో మొగ

సముద్రాన్ని కంటితో చూడకుండానే ఏడాదిన్నర పాటు సముద్రపు ఉద్యోగం చేశాను నేను. ఆ ఉద్యోగం మాదాపూర్‌లో ఒక కిరాయి ఇంటి మొదటి అంతస్తులో ఉండేది. కిటికీ తీస్తే గుట్టలు పేల్చిన దుమ్ము, మూస్తే ఉక్క. దూరంగా కంప్యూటర్ కంపెనీల కోసం కట్టిన గుండ్రటి భవనం కొత్తగా లేచి నిలబడింది. ఆదివారాలు జనం పిల్లాపాపలతో దాన్ని చూడ్డానికి వచ్చేవాళ్ళు, నుమాయిష్‌కి వచ్చినట్టు. దాని పుణ్యమా అని చుట్టుపక్కల రెండు గదులు ఖాళీగా ఉన్న ప్రతి ఇంటికీ ఒక కంప్యూటర్ బోర్డు వేలాడింది. మాదీ అలాంటి ఆఫీసే. కింద ఇంటివాళ్ళ బర్రెలు, పైన మేమూ మా కంప్యూటర్లూ.

మా పనేమిటో మా ఇంట్లోవాళ్ళకి చెప్పి అర్థం చేయించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చేది. కోస్తాలో చిన్న చిన్న ఏరులు సముద్రంలో కలిసే చోట్లుంటాయి. అక్కడివాళ్ళు వాటిని మొగలంటారు. మంచినీళ్ళూ ఉప్పునీళ్ళూ కలిసే ఆ చోట రొయ్యపిల్లా చేపపిల్లా పెరుగుతాయి, ఉప్పునీళ్ళని తట్టుకునే మడచెట్లుంటాయి, కొంగలు దిగుతాయి. పెద్ద నదుల బాగోగులు చూడ్డానికి పెద్దవాళ్ళున్నారు, ఈ చిన్నవాటిని పలకరించేవాళ్ళు లేరని, ఆ తీరానికంతా కలిపి ఒక కార్యక్రమం పెట్టారు. ఎనిమిది మొగలు, ఒక్కోదానికి ఒక్కో మనిషి. నెలకి రెండుసార్లు, ఒకటో తారీకునా పదిహేనో తారీకునా, పొద్దున పది గంటలకి ఆ మనిషి వెళ్ళి నీళ్ళు ముంచి ఉప్పు ఎంతుందో చూడాలి. నలుపూ తెలుపూ వేసిన ఒక బిళ్ళని తాడు కట్టి దించి, ఎంత లోతులో కనపడకుండా పోతుందో కొలవాలి. పిట్టల్ని లెక్కపెట్టాలి. అన్నీ ఒక కాగితం మీద రాసి పోస్టులో మాకు పంపాలి. ఆ కాగితాల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించేది నేను.

"అంటే చేపల లెక్క రాస్తవా?" అనేది మా చిన్నమ్మ.

"చేపలది కాదు చిన్నమ్మా, నీళ్ళది."

"నీళ్ళకు లెక్క ఏందే? మన నల్ల రెండు దినాలకోపారి వస్తది, దానికైతే లెక్క రాయి."

నాది సంగారెడ్డి అవతల ఊరు. డిగ్రీ అయిపోయాక అమీర్‌పేటలో మూడు నెలలు కంప్యూటర్ నేర్చుకుని, చందానగర్‌లో చిన్నమ్మ ఇంట్లో ఉండి ఉద్యోగానికి వెళ్ళేదాన్ని. నాకు రెండు జబ్బులుండేవి. ఒకటి ముక్కు మీద కోపం, రెండోది శుభ్రత. చీర మడత పక్కకి పోయినా, అంకె గడి దాటి పక్కకి జరిగినా నాకు ఊపిరాడదు. ఆఫీసులో నలుగురం ఉండేవాళ్ళం, మిగతావాళ్ళవి వేరే కంపెనీల పనులు. మిగతా ముగ్గురి కాగితాలూ తప్పులున్నాయని నెలకి ఏడో ఎనిమిదో వెనక్కొచ్చేవి. నావి ఒక్కటీ వచ్చేది కాదు. ఏడాది తిరిగేసరికి మా సూపర్‌వైజర్ గారు అందరి ముందూ నాకొక మూడు గిన్నెల స్టీలు డబ్బా బహుమతిగా ఇచ్చారు. ఆయన విజయవాడ మనిషి, మాట మెత్తన. "తప్పంటే ఏంటో తెలియని అమ్మాయండీ ఈవిడ" అన్నారు. నేను వారం రోజులు నేల మీద నడవలేదు.

ఇప్పుడు ఆ డబ్బా వెనక సంగతి చెప్పాలి.

ఎనిమిది మొగల్లో ఏడింటికి రాసేవాళ్ళు బడిపంతుళ్ళూ, ఆఫీసు గుమస్తాలూ. ఎనిమిదో మొగకి మాత్రం ఒక ముసలి సరంగు. చిన్నప్పటి నుంచీ ఆ ఏట్లో లాంచీ నడిపి, వంతెన వచ్చి లాంచీ ఆగిపోయాక ఇంటిపట్టున ఉన్నాయన. ఆయన అక్షరం గుండ్రంగా, పెద్దగా ఉండేది. కాగితం అడుగున 'ఇతర విషయాలు' అని నాలుగు వేళ్ళ జాగా ఉంటే, మిగతావాళ్ళు అక్కడ గీత కొట్టి వదిలేసేవాళ్ళు. ఈయన ఆ జాగా నింపి, చాలక వెనకపక్క కూడా రాసేవాడు. 'కొంగలు ఎనిమిది. ఒకటి కుంటుతున్నది.' 'మడచెట్లకు కొత్త చిగురు. గేదెలు మేయకుండా కంప వేయించినాను.' 'పై చెరువుల్లో రొయ్యలు పట్టి మురుగునీళ్ళు ఏట్లోకి వదిలినారు. వాసన.' కంప్యూటర్‌లో ఈ మాటలకి గడి లేదు. అయినా నేను వాటిని రెండుసార్లు చదివేదాన్ని. ఆ కుంటి కొంగ ఏమైందోనని తర్వాతి కాగితం కోసం ఎదురు చూసేదాన్ని. నాకు తెలిసిన సముద్రపు గాలంతా ఆ నాలుగు వేళ్ళ జాగాలోంచి వచ్చిందే.

ఆయనతో నాకు ఒక్కటే పేచీ. తారీకులు. అందరూ ఒకటి, పదిహేను అని రాస్తే, ఈయన ఒకసారి పది అనీ, ఇంకోసారి ఇరవై నాలుగనీ, మరోసారి ఎనిమిదనీ రాసేవాడు. మా కంప్యూటర్ ఒకటీ పదిహేనూ తప్ప ఇంకో తారీకు కొడితే కుయ్‌మని అరిచి ఎర్రగా చూసేది. అలా ఎర్రబడ్డ కాగితం తప్పుల ఖాతాలో పడుతుంది. నా ఖాతాలోనా! 'పెద్దమనిషి, తీరినప్పుడు వెళ్ళి తోచిన తారీకు వేస్తున్నాడు' అని నేనే తేల్చుకుని, పదికి దగ్గర్లో పదిహేనుందని పదిహేను కొట్టేదాన్ని. ఇరవై ఎనిమిదైతే ఒకటి కొట్టేదాన్ని. కంప్యూటర్ కిక్కురుమనేది కాదు. ఏడాదంతా అలాగే నడిపాను. ఎవర్నీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. బీరువా సర్దినంత తేలిగ్గా సర్దేశాను.

ఒక శుక్రవారం కార్యక్రమం పెద్దసారు కోస్తా నుంచి వచ్చారు, ఏడాది పని చూసుకోవడానికి. ఎనిమిది మొగల ఉప్పు లెక్కల్నీ గీతలుగా గీయించి గోడకి అంటించాం. ఏడు గీతలు రంపం పళ్ళలా పైకీ కిందకీ ఎగురుతున్నాయి. ఎనిమిదోది మాత్రం నున్నగా, ఎండాకాలంలో మెల్లగా లేచి, వానల్లో మెల్లగా దిగింది.

పెద్దసారు ఆ గీత దగ్గరే ఆగిపోయారు. "మిగతా ఏడు చోట్లా ఇంత ఎగుడుదిగుడు ఉంటే ఇక్కడ ఇంత నున్నగా ఎలా వస్తుందండీ? ఇది ఏటికెళ్ళి కొలిచింది కాదు. ఇంట్లో కూర్చుని రాసింది" అన్నారు. నా ప్రాణం చివుక్కుమంది. కుంటి కొంగ గురించి ఇంట్లో కూర్చుని రాస్తారా ఎవరైనా? నోరు తెరవబోయాను. ఈలోగా ఆయన వేలు ఒక చుక్క మీద పెట్టారు.

"ఇదిగో చూడండి. ఈ పదిహేనో తారీకున అక్కడ తుఫాను. నేను ఆ పక్క ఊళ్ళోనే చిక్కుకుపోయాను. చెట్లు కూలిపోయాయి, మనిషి ఒడ్డున నిలబడే పరిస్థితి లేదు. ఈయన రాసిందేమిటి? నీళ్ళు తేటగా ఉన్నాయట, పక్షులు ఎనిమిదట!"

తెరిచిన నోరు మూసుకున్నాను. ఆ పదిహేను ఆయన రాసింది కాదు, నేను కొట్టింది. ఆయన కాగితం మీద పది అని ఉంది. పదో తారీకున తుఫాను లేదు, నీళ్ళు తేటగానే ఉండి ఉంటాయి. ఆ మనిషిని అబద్ధాలకోరును చేసింది నేను. అది నాకు ఆ క్షణమే తెలుసు, అయినా మాట్లాడలేదు. సిగ్గుతో చెవులు మండిపోతుంటే, డబ్బా బహుమతిచ్చిన సారు పక్కనే నిలబడి గోడకేసి చూస్తూ ఉండిపోయాను.

"ఆయన్ని తీసెయ్యండి. ఆ మొగకి వేరే మనిషి దొరకడు కాబట్టి దాన్నీ జాబితాలోంచి తీసెయ్యండి. ఏడు చాలు" అన్నారు పెద్దసారు. మంగళవారం సంతకం పెట్టి వెళ్తారట. ఆ ఉత్తరం టైపు చేసే పని తప్పులు తెలియని అమ్మాయికే అప్పగించారు.

ఆ సాయంత్రం సరంగు గారి ఏడాది కాగితాలన్నీ సంచీలో వేసుకుని ఇంటికి తెచ్చాను. లింగంపల్లి బస్సులో నిలబడడానికి చోటు లేకపోతే ఆ సంచీని చంటిపిల్లలా గుండెకి పట్టుకున్నాను. అసలు తారీకులన్నీ ఒకచోట రాస్తే, ఆయన తోచినప్పుడు వెళ్ళేవాడని తేలితే కాస్త నా తప్పు తగ్గుతుందేమోనని ఆశ. అదీ నా బుద్ధి.

మర్నాడు పొద్దున నేలమీద కాగితాలు పరుచుకుని తారీకులు పైకి చదువుతూ రాసుకుంటున్నాను. చిన్నమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. ఏడెనిమిది తారీకులు విన్నదో లేదో, "జర ఆగు" అంది.

"ఏంది చిన్నమ్మా?"

"ఇంకోపారి చదువు."

చదివాను. చిన్నమ్మ లేచి గోడ దగ్గరికి పోయింది. మా ఇంట్లో కొత్త క్యాలెండర్ వచ్చినా పాతది తీసే అలవాటు లేదు, అదే మేకుకి పాతదాని మీదే కొత్తది తగిలిస్తారు. పాతదాన్ని బయటికి లాగింది. నెలకి రెండు చోట్ల కుంకుమ బొట్లున్నాయి.

"ఇవన్ని నా ఒక్కపొద్దు దినాలే గదనే! ఏకాదశులు. ఒక్కటి తప్పలే. ఎవరే ఆ పెద్దమనిషి? మస్తు భక్తి ఉన్నట్టుంది. గంత మంచోన్ని పట్టుకుని పరేషాన్ చేస్తున్నరా మీరు?"

నేను క్యాలెండర్ లాక్కుని ఒక్కో బొట్టూ ఒక్కో కాగితంతో సరిచూశాను. ఏకాదశి అంటే నాకు తెలియకపోవడమేమిటి? ఏకాదశి నాడు చిన్నమ్మ అన్నం వండదు, కాబట్టి నాకు డబ్బా ఉండదు. బస్టాపు దగ్గర బండి మీద మిర్చీలు తిని కడుపు మంటతో నేను తారీకులు దిద్దిన రోజులు కూడా ఉండే ఉంటాయి. నెలకి రెండుసార్లు ఆకలేసి తెలుసుకునే తిథిని కాగితం మీద చూసి గుర్తుపట్టలేకపోయాను.

అయినా ఒక అనుమానం మిగిలింది. భక్తి ఉంటే గుడికి వెళ్ళాలిగాని ఏటి మొగకి వెళ్ళడమెందుకు? సోమవారం ఆఫీసుకి ముందే మాదాపూర్ ఎస్టీడీ బూతులో దూరాను. కాగితం మీద ఆ ఊరి బూతు నంబరుంది. అక్కడివాళ్ళు ఆయన్ని పిలిపించారు. అయిదు నిమిషాల తర్వాత వగరుస్తూ ఒక గొంతు వచ్చింది. "ఆయ్! నేనేనండి."

నేనెవరో చెప్పి, గబగబా అడిగాను. "మీరు ఒక్కపొద్దు ఉంటారాండీ, ఏకాదశికి?"

అవతల నవ్వు. "ఒక్కపొద్దా? రెండు పూట్లా చేపలపులుసు లేకపోతే నాకు ముద్ద దిగదమ్మా. ఎందుకలా అడిగేవు?"

"మరి ఏకాదశి నాడే ఎందుకు వెళ్తారు మొగకి?"

"మీరేగా పదింటికి ఎల్లమన్నారు? ఏకాదశి నాడు పదీ పదకొండింటికి ఆటు ఆఖరికొస్తాదమ్మా. సముద్రం నీళ్ళన్నీ దిగిపోయి ఏరు ఏరులా ఉంటాది. మిగతా రోజులు పదింటికి ఎల్తే ఓసారి పోటు మీదుంటాది, ఓసారి ఆటు మీదుంటాది. పోటు మీద ముంచితే చెంబులోకి వచ్చేది సముద్రం నీళ్ళు. ఆ లెక్క మీకెందుకు? మా ఏరు ఎలాగుందో కదా మీరడిగింది?"

అప్పుడు వెలిగింది నాకు. మొగ నీళ్ళు చంద్రుణ్ణి బట్టి లేస్తాయి, దిగుతాయి. నెలలో ఒకటీ పదిహేనూ పట్టుకుని వెళ్ళిన ఆ ఏడుగురూ ఒకసారి సముద్రాన్నీ, ఒకసారి ఏటినీ కొలిచారు. అందుకే ఆ గీతలు అలా ఎగిరాయి. ఏటిని కొలిచినవాడు ఈయనొక్కడే.

"మరి ఈ మాట కాగితం మీద రాయలేదేమండీ?"

"ఏటి పని మీద ఉన్నోళ్ళకి ఆటుపోట్లు తెలవవా అమ్మా? చెప్తే నవ్వుతారని రాయలేదు." ఒక్క క్షణం ఆగి, "ఏటైనా తేడా వచ్చిందా?" అన్నాడు.

చెప్పాలి. చెప్పలేకపోయాను. ఒకటీ పదిహేనూ తారీకులకి వెళ్ళలేదని సార్లకి కోపంగా ఉందనీ, మొగని తీసేస్తామంటున్నారనీ, నేను మాట్లాడతాననీ గొణిగాను. తప్పు నాది అనే రెండు ముక్కలు మాత్రం మింగేశాను. "తీసేస్తారా?" అన్నాడాయన. ఫోను పెట్టేశాక బూతులోని చిన్న ఫ్యాను కింద నామీద నాకే ఎంత కోపం వచ్చిందంటే, తలుపు ధడాలున తోసి బయటికొచ్చాను. బూతాయన తిట్టాడు.

ఆ కోపంతోనే మెట్లెక్కి తిన్నగా సూపర్‌వైజర్ గారి గదిలోకి వెళ్ళి, కాగితాలూ చిన్నమ్మ క్యాలెండరూ బల్ల మీద పెట్టి, అంతా చెప్పేశాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మీరా? మీరు మార్చారా?" అన్నారు మూడుసార్లు. తర్వాత తలుపు దగ్గరగా వేసి, మెత్తగా, "పోన్లెండి, ప్రోగ్రాంలో లోపం, మిషనే మార్చేసిందని చెబుదాం. మీకూ మాట రాదు, ఆఫీసుకీ మాట రాదు" అన్నారు.

మంచికే అన్నారు. కానీ నాకు ఒళ్ళు మండింది. "మిషను పాపం కుయ్యో మొర్రో అని మొత్తుకుందండీ. దాని నోరు నొక్కింది నేనే" అన్నాను.

పెద్దసారు ముందు కూడా అదే చెప్పాను. ఆయన కేకలేస్తారనుకున్నాను. వెయ్యలేదు. చిన్నమ్మ క్యాలెండర్ పేజీలు ఒక్కొక్కటే తిరగేసి, కుంకుమ బొట్టూ కాగితమూ సరిపోల్చి చూసుకున్నారు. గోడ మీది ఏడు గీతల వంక చాలాసేపు చూశారు. "అయితే ఏడాదిగా మనం ఏడు చోట్లా కొలిచింది ఏటినా, చంద్రుణ్ణా?" అన్నారు. అప్పుడు ఎనిమిదో గీతని అసలు తారీకులతో మళ్ళీ గీయించారు. బిళ్ళ కనపడే లోతుకీ ఈసారి ఒక గీత గీయించారు. అది చివరి నాలుగు నెలలుగా, ప్రతిసారీ వేలెడంత తక్కువవుతూ వస్తోంది. రొయ్యల చెరువుల మురుగు అని ఆయన వెనకపక్క రాస్తూనే ఉన్నాడు. ఎనిమిది మొగల్లో జబ్బు పట్టిన సంగతి తెలిసిన మొగ అదొక్కటే. మేం తీసెయ్యబోయిందీ దాన్నే.

ఉత్తరం ఆగింది. అందరూ ఇకమీదట ఏకాదశి నాడే వెళ్ళాలని కొత్త ఉత్తరం వెయ్యాలన్నారు. అయితే దానికి పైన ఇంకెవరో ఒప్పుకోవాలట, రెండు వారాలు పడుతుందన్నారు. ఇంకెక్కడెక్కడ సర్దానో తెలియదు కాబట్టి ఎనిమిది మొగల ఏడాది కాగితాలూ నేనే మొదటి నుంచి మళ్ళీ ఎక్కించాలన్నారు, మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాను. డబ్బా కడిగి, తుడిచి, సూపర్‌వైజర్ గారి బల్ల మీద పెట్టాను. ఆయన వద్దనలేదు. తర్వాత అందులో పెన్నులు వేసుకున్నారు.

అంతా చక్కబడిందనే అనుకున్నాను. కొత్త ఉత్తరం ఇంకా బయల్దేరకముందే, ఇరవయ్యో తారీకు పోస్టులో ఎనిమిదో మొగ కాగితం వచ్చింది. ఆ గుండ్రటి అక్షరాలే. తారీకు గడిలో పదిహేను అని ఉంది. ఉప్పు అంకె ఎప్పుడూ లేనంత పెద్దది. అడుగున నాలుగు వేళ్ళ జాగాలో రెండే వాక్యాలు.

'తమరు చెప్పిన తారీకుకే వెళ్ళినాను. పోటు మీద ఉన్నది, ఏరు కనపడలేదు.'

అంకెలు కొట్టాను. పదిహేను కొట్టాను. కంప్యూటర్ కుయ్‌మనలేదు, ఎర్రబడలేదు. ఇన్నాళ్ళలో ఆయన రాసిన తారీకుని ఉన్నదున్నట్టు కొడితే అది మారు మాట లేకుండా తీసుకోవడం అదే మొదలు. నాకు ఏడుపు ఆగలేదు. అందరి ముందూ, కీబోర్డు మీద తల పెట్టుకుని ఏడ్చాను.

మొహం కడుక్కుని బూతుకి వెళ్ళాను. మొన్న తలుపు విరగ్గొట్టబోయింది నువ్వేనా అన్నట్టు చూశాడు బూతాయన. అయిదు నిమిషాలు ఆగాక "ఆయ్" అని వినపడింది.

"తారీకులు మార్చింది నేనండీ" అన్నాను ఊపిరి తీసుకోకుండా. "మీరు రాసినవి కొట్టేసి, ఏడాదంతా నాకు నచ్చినవి వేశాను. తప్పు నాది. మీ లెక్క ఒక్కటే సరైనదని ఇక్కడ అందరికీ చెప్పాను. మొగని తీసెయ్యరు."

అవతల ఎవరిదో సైకిలు గంట వినపడింది. నేను ఫోను తీగని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడ్డాను.

"ఎందుకు మార్చావమ్మా?" అన్నాడు. కోపం లేదు, నిజంగా తెలియకే అడిగాడు. "శుభ్రంగా ఉంటుందని" అన్నాను చివరికి.

ఆయన ఫోను పెట్టేస్తాడేమోనని తొందరపడ్డాను.

"ఎల్లుండి ఏకాదశండీ" అన్నాను. "వెళ్తారా?"

"ఎల్తాను" అన్నాడు. "ఈసారి నేను రాసిందే వెయ్యి తల్లీ."

ఆ ఎల్లుండి నాకు డబ్బా లేదు. మిర్చీల బండి దగ్గరికీ వెళ్ళలేదు. పదింటి నుంచి పదకొండింటి దాకా కీబోర్డు మీద చేతులు పెట్టకుండా, గుట్టల దుమ్ములోకి చూస్తూ, ఒక ఏరు మెల్లగా తన నీళ్ళు తాను బయటపెట్టుకునే గంట గడిచేదాకా కూర్చున్నాను.